మస్తాన్ అన్న పేరు



కిందటేడు స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూస్తుండగా ఒక కుర్రవాడి కాగితాల దగ్గర మేము ఆగిపోయాము. పుట్టిన సర్టిఫికెట్‌లో 'మస్తాన్ వలి' అని తెలుగులో ఉంది. ఆధార్‌లో ఇంగ్లీషున టీ పక్కన హెచ్ ఉంది, వలి లేదు. పదో తరగతి మార్కుల జాబితాలో వలి ఉంది, హెచ్ లేదు. బ్యాంకు పుస్తకంలో మరో రకం. డబ్బు మంజూరైనా ఖాతాలో పడలేదు. ఆ మాటల్లోనే ఎవరో "ఈ కాలంలో ఇంకా ఈ పాతపేరు ఏమిటి?" అన్నారు. కుర్రవాడి తండ్రి తల దించుకున్నారు. ఆయన తల దించుకోవలసిన పని లేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన నెల్లూరు తీరంలో వీధిలో నిలబడి 'మస్తాన్' అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూస్తారు. ఉత్తరాదికి వెళితే ఈ పేరు అంతగా వినిపించదు. కారణం మీకు తెలిసిందే, వెంకటాచలం మండలం కసుమూరులోని మస్తాన్ వలి దర్గా. గుంటూరులో కాలే మస్తాన్ షా దర్గా ఉండడంతో అటువైపూ ఈ పేరు ఎక్కువే. బిడ్డల కోసం మొక్కుకుని, పుట్టాక ఆ పేరే పెట్టుకున్నారు. మొక్కుకున్నది మనవాళ్ళు మాత్రమే కాదు. మస్తానయ్య, మస్తానమ్మ అనే పేర్లు హిందువుల ఇళ్ళలో ఎన్ని లేవు! కావలి ఎమ్మెల్యేగా చేసి, రాజ్యసభకు వెళ్ళిన బీద మస్తాన్‌రావు గారు మన జిల్లావారే. పొలంలో కట్టెల పొయ్యి మీద వండి యూట్యూబులో లోకమంతటికీ తెలిసిన గుంటూరు జిల్లా అవ్వ, 2018 డిసెంబరులో కన్నుమూసిన ఆమె, మస్తానమ్మే.

అర్థం సంగతి. 'మస్త్' ఫారసీ మాట, మత్తులో ఉన్నవాడని. హైదరాబాదులో చదివే మన పిల్లలను తోటివారు 'మస్తు' అని ఆటపట్టిస్తారట. సూఫీల నోట ఆ మత్తు దైవధ్యానంలో ఒళ్ళు మరచిపోవడం. అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అని హదీసులో ఉంది. కొత్తగా పెట్టేవారు ఆ పేర్లు ఎంచుకుంటే సంతోషమే. అయితే ప్రవక్త (స) మార్పించినవి చెడు అర్థమున్న పేర్లు. తాతగారి పేరును మోటుగా ఉందని తీసేయడం వేరే సంగతి.

పలకడం కష్టమేమీ కాదు. తెలుగు నోటికి మాట చివర అచ్చు కావాలి కనుక మన అమ్మలు 'మస్తానూ' అని పిలుస్తారు. ముద్దుగానే ఉంటుంది. చిక్కంతా ఇంగ్లీషు రాతలో ఉంది. 'త'కు మనవాళ్ళు టీహెచ్ రాస్తారు, ఉత్తరాదివారు ఒట్టి టీ రాస్తారు. మన రాత చూసి వాళ్ళు 'మస్థాన్' అని ఒత్తుతారు. ఇక వలీ అంటే అరబీలో దైవమిత్రుడు, దీర్ఘం చివర ఉండాలి. ఇంగ్లీషు అక్షరాలు చూసి దీర్ఘం ముందుకు జరిపితే మనవాడు 'వాలి' అయి సుగ్రీవుడికి అన్నగా మిగులుతాడు.

టీ రాసినా టీహెచ్ రాసినా మాకు అభ్యంతరం లేదు. ఏదో ఒకటి పెట్టుకుని దానినే అంతటా రాయండి. బిడ్డ పుడితే 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఏడో రోజు అఖీఖా చేసి పేరు పెట్టుకునే మనకు అది పెద్ద గడువే. పేరు లేకుండా నమోదైతే 12 నెలల వరకు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తరువాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో వీలుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, తొందరపడి ఒక అవకాశం పోగొట్టుకోకండి.

ఆ కుర్రవాడి కాగితాలు ఒక్కొక్కటిగా సరిచేయిస్తున్నాము. వలి ఉంచాలా తీసేయాలా అని అడిగితే, "మా నానమ్మ మొక్కుకున్న పేరు, మొత్తం ఉంచండి" అన్నాడు. అలాగే రాయించాము. ఇటువంటి చిక్కు ఉన్నవారు భోజనాలయ్యాక కాగితాలతో మా దగ్గరకు రండి. వస్సలామ్.