సహకార బ్యాంకు క్షేమమును గుర్తించుటెట్లు?

(ఉపన్యాస పాఠము)



పట్టణ సహకార బ్యాంకులో సొమ్ము దాచుకొనువారు సాధారణముగా రెండే ప్రశ్నలు వేయుదురు. వడ్డీ యెంత? అధ్యక్షులెవరు? ఈ రెంటివలనను బ్యాంకు క్షేమము తెలియదు. మితిమీరిన వడ్డీ తరచుగా బ్యాంకు బలమునకు గాక దాని ధనావసరమునకు గుర్తు. పెద్దమనుష్యుని పేరు బాకీలను వసూలు చేయజాలదు.

బొంబాయిలోని పంజాబు-మహారాష్ట్ర సహకార బ్యాంకు గతిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. 2019 మార్చి నాటి లెక్కలలో దాని మొండి బాకీలు నూటికి 4 అయినను లేవు. మూలధన నిష్పత్తి నూటికి 12 దాటియుండెను. ఆరు మాసములు నిండకమునుపే రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించెను. ఖాతాదారుడు మొదట 1,000 రూపాయలకు మించి తీసికొన వీలులేకపోయెను. అప్పులలో నూటికి 70కి పైగా ఒక్క గృహనిర్మాణ సంస్థకును దాని వర్గమునకును చేరినట్లు, కల్పిత ఖాతాల మాటున ఆ సంగతి దాగియున్నట్లు తరువాత బయటపడెను. 2022 జనవరిలో ఆ బ్యాంకు యూనిటీ స్మాల్ ఫైనాన్సు బ్యాంకులో లీనమయ్యెను. పెద్ద మొత్తములు దాచినవారికి ధనము పూర్తిగా చేరుటకు పదేండ్ల గడువేర్పడెను.

అంకెలు వ్యర్థములని మా యభిప్రాయము కాదు. అంకెలు చూడవలెను, వాని వెనుకనున్నదానిని అడుగవలెను. వాయిదా మీరి 90 దినములు దాటిన అప్పు మొండి బాకీ. నికరపు అంకెతో తృప్తి చెందక మొత్తపు అంకెను మూడేండ్ల లెక్కలలో పోల్చుడు. పాత అప్పును క్రొత్త అప్పుతో తీర్చినట్లు చూపుచున్నారా? మొదటి యిరువదిమంది ఋణగ్రస్తుల చేతిలో ఎంత భాగమున్నది? సొంత మూలధనము నష్టమును భరింపగలదా? ఆడిటరు వ్రాసిన ఆక్షేపణలకు పాలకవర్గమిచ్చిన సమాధానమేమి?

ఇక బీమా సంగతి. 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన పిమ్మట, 1962లో 1,500 రూపాయల పరిమితితో డిపాజిట్ల బీమా మొదలయ్యెను. 2020 ఫిబ్రవరి 4 నుండి ఆ పరిమితి, ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారునకు, అసలు వడ్డీలు కలిపి 5 లక్షలు. వాటాధనమునకు ఈ బీమా లేదు. 1995 నాటి చట్టము క్రింద మన జిల్లాలలో వెలసిన పరస్పర సహాయక సహకార సంఘములకును లేదు. కావున సొమ్ము కట్టకమునుపే ఆ సంస్థ నిజముగా బ్యాంకగునా, దానికి రిజర్వు బ్యాంకు లైసెన్సును డిపాజిట్ల బీమాయు ఉన్నవా యని విచారింపుడు.

అన్నిటికంటె ముఖ్యమైన లోపము వేరొకటి. అప్పు గొనువాడు సాధారణముగా సభ్యుడు కాక తప్పదు. సొమ్ము దాచుకొనువాడు సభ్యుడు కానక్కరలేదు. ఇందువలన ఋణగ్రస్తుల వోట్లతో ఏర్పడిన పాలకవర్గము, వోటులేనివారి ధనమును నడుపుచున్నది. ఇక సభ్యులైనవారో, సర్వసభ్య సమావేశమున లెక్కలు చదువకయే చేతులెత్తి, ఫలాహారముతో ఇల్లు చేరుదురు. రిజర్వు బ్యాంకు కన్ను దూరమున నున్నది. ఊరిలో ఎవరి అప్పు ఎవరిదో ఎరిగినది మీ కన్నే.

కనుక దాచుకొనువారలారా, వాటా కొని సభ్యులు కండు. లెక్కలను ముందుగా తెప్పించుకొని, పఠనమందిరమున పదిమంది కూడి చదువుడు. సమావేశమున లేచి ఒక్క ప్రశ్న యడుగుడు. ఆ ప్రశ్నకు జంకని పాలకవర్గమున్న బ్యాంకే మన సొమ్మునకు తగిన తావు.