పాత కారు - రోగ నిర్ణయము

అమ్మినవారు "బండి బంగారము" అని యెంత చెప్పినను, పాత కారు ఏదో ఒక ఉదయమున మొరాయించును. తాళము త్రిప్పగా ఇంజను తిరుగక, "టిక్కు"మను చప్పుడు మాత్రమే వినవచ్చును. పలువురు వెంటనే క్రొత్త బ్యాటరీకై బజారునకు పోవుదురు. కొంచెమాగుడని మా మనవి.

ముందుగా బ్యాటరీకి బిగించిన తీగల కొనలను చూడవలెను. తెల్లనిదో నీలిదో పొడి పేరుకొనియున్నచో విద్యుత్తు సరిగా సాగదు. మైనస్ తీగను మొదట విప్పి, వంటసోడా కలిపిన నీట తడిపిన గుడ్డతో కొనలను తుడిచి, ఆరిన పిదప బిగింపవలెను. మైనస్ తీగను చివర బిగింపవలెను. ఖర్చు సోడా పొట్లమే. అప్పటికిని కదలనిచో వోల్టుమీటరు పెట్టి చూతము. నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుచునపుడు దాదాపు 14 ఉండవలెను. అది 13కు లోబడినచో ఆల్టర్నేటరునో, దాని బెల్టునో, తీగలనో అనుమానింపవలెను. ఆ దోషము తీర్పక బ్యాటరీ మార్చిన, నాలుగునాళ్లలో కథ మొదటికి వచ్చును.

వేడెక్కు జబ్బునకును ఇట్టి విచారణయే. రద్దీలో వేడెక్కి, రహదారిపై చల్లబడునేని దోషము తరచుగా ఫ్యానుదే. మారుతి 800లో అది విద్యుత్తుతో తిరుగును, అంబాసిడరులో బెల్టుతో. రెండింటి తయారీయు 2014లో ఆగినను, వానిని నడుపువారు నేటికిని గలరు. రహదారిపైనే వేడెక్కినచో నీరు తగ్గినదేమో, రేడియేటరు పూడినదేమో చూడవలెను. వేడి ఇంజనుపై మూత మాత్రము తీయరాదు. ఉడుకునీరు ముఖముపైకి చిమ్మును.

బ్రేకు పెడలు మెత్తబడి క్రిందికి దిగిపోవుచున్నచో, అది ఇంటివైద్యమునకు లొంగునది కాదు. బండిని గ్యారేజీకి నడుపుకొని పోరాదు; మెకానిక్కునే ఇంటికి పిలిపింపవలెను.