ఫాల్గుణంలో కొల్లేటి సంగీతం

ఫాల్గుణం వచ్చిందంటే కొల్లేరు సరస్సులోని కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర. లంక గ్రామాల జనమంతా అక్కడే. ఆ జాతరలో జరిగే జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణానికి సన్నాయి, డోలు మోగాల్సిందే! దగ్గరి ఏలూరులో అయితే వై.ఎం.హెచ్.ఏ. హాలు నాటకాలకూ కచేరీలకూ పాత వేదిక.

ఈ ప్రాంతపు సంగీతం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారు. 1926లో ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చుకున్నారు. అదే గురువు శిష్యులైన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి కచేరీల్లో పక్కవాద్యం వాయించారు. విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. వందన, శ్రీదుర్గ రాగాలనూ, త్రినేత్రాది, వేదాది తాళాలనూ కల్పించారు. కొత్త తాళం కట్టడమంటే మాటలా? 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరు మన బళ్లలో పిల్లలకు చెప్పాలని నా కోరిక. జాతరకు వెళ్లేవారు, వెళ్లేముందు ఆయన వయొలిన్ ఒక్కసారి వినండి.