ప్రజాప్రతినిధుల వెబ్‌సైటులు



మన పూర్వరాజుల దానశాసనములయం దొక క్రమము కలదు. మొదట రాజు వంశమును, పరాక్రమమును కొనియాడు ప్రశస్తి యుండును. అది ముగిసిన పిదప అసలు విషయము వచ్చును: దాన మెవరికిచ్చిరి, ఏ గ్రామమిచ్చిరి, దాని ఎల్లలెవ్వి. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనమున చాళుక్యుల ప్రశంస యెంత యున్నను, దానము పొందిన నారాయణభట్టు పేరును, ఇచ్చిన యూరి పేరును మరుగుపడలేదు.

నేడు మన శాసనసభలకును, పార్లమెంటునకును ఎన్నికైనవారిలో పలువురు తమ పేర వెబ్‌సైటులు పెట్టుకొనియున్నారు. వానిని చూచినపుడు నాకీ శాసనములు జ్ఞప్తికి వచ్చును. ఈ సాధనము క్రొత్తది కాదు. అమెరికా సెనేటరు ఎడ్వర్డు కెనెడీ 1994లోనే తన వెబ్‌సైటును తెరచెను. ఓటరు మధ్యవర్తుల నాశ్రయింపక, రాజధానికి పోక, తన ప్రతినిధి యేమి చేయుచున్నాడో యింటనే తెలిసికొనవచ్చుననుట దీని ప్రయోజనము.

కాని నేను చూచినవానిలో పెక్కు ప్రశస్తితోనే ముగియుచున్నవి. జన్మవృత్తాంతము, పాదయాత్రలు, శంకుస్థాపనలు, పూలదండలు కలవు. ఎల్లలు మాత్రము లేవు.

ఆ ఎల్లలేవియో చెప్పెదను. 1993లో ఆరంభమైన స్థానికాభివృద్ధి పథకము క్రింద పార్లమెంటు సభ్యుడు 2011-12 నుండి సంవత్సరమునకు 5 కోట్ల రూపాయల పనులను సూచింపవచ్చును. ఆ ధనముతో ఏ యూర ఏ పని జరిగినది? ఎంత వ్యయమైనది? పని పూర్తియైనదా? సభలో సభ్యుడడిగిన ప్రశ్న లేవి? వచ్చిన జవాబులేవి? ఈ ప్రశ్నోత్తరములు పార్లమెంటు వెబ్‌సైటున దొరకును. అభ్యర్థుల ఆస్తులు, అప్పులు, వారిపై గల కేసులు తెలుపు ప్రమాణపత్రములు, 2002, 2003 సంవత్సరముల సుప్రీంకోర్టు తీర్పుల ఫలితముగా ఎన్నికల సంఘమువారి యొద్ద అందరికిని లభించుచున్నవి. అన్నియు కలవు గాని వేర్వేరు చోట్ల నున్నవి. వానిని తన పుటలో ఒక్కచో కూర్చుట సభ్యునకు కష్టసాధ్యము కాదు.

ఇక నా యనుభవ మొకటి విన్నవించెదను. నేను పనిచేసిన పాఠశాలలో ఒక గది పైకప్పు వర్షములకు కారుచుండెను. పిల్లలు వరండాలో కూర్చుండి చదువుకొనుచుండిరి. ఒక సభ్యుని వెబ్‌సైటులో ఫిర్యాదుల కేర్పరచిన చోట ఈ సంగతి వ్రాసి, అడిగినారు గదా యని నా ఫోను సంఖ్యను గూడ నిచ్చితిని. “మీ సందేశము అందినది, ధన్యవాదములు” అని తత్‌క్షణమే జవాబు వచ్చినది. అది యంత్రము పంపినది. తరువాత ఆరు మాసములు ఏమియు లేదు. ఏడవ మాసమున ఆ సభ్యుని జన్మదినోత్సవ ఆహ్వానము నా ఫోనునకు వచ్చినది. ఎన్నికలనాటికి ఓటు నభ్యర్థించు సందేశములును వచ్చినవి. పైకప్పు కొరకిచ్చిన సంఖ్య ఓటు కొరకు పనికివచ్చినది.

ఇట్టి దోషమునకే అమెరికా ప్రతినిధుల సభలో ఒక కట్టుబాటు కలదు. సభ్యుడు ప్రభుత్వధనముతో నడుపు వెబ్‌సైటును ఎన్నికల ప్రచారమునకు వాడరాదు. ప్రచారమునకు వేరొకటి పెట్టుకొనవలెను. మన దేశమున 2013లో ఎన్నికల సంఘము ఇంటర్నెట్టు ప్రచారవ్యయమును గూడ అభ్యర్థి లెక్కలో చూపవలెనని యాదేశించినది. ఇది మేలే. కాని ఫిర్యాదుకై యిచ్చిన చిరునామా ఫిర్యాదునకే వినియోగపడవలెననుట సభ్యులు తమంతట పాటింపదగిన ధర్మము.

లక్షలాది ఓటర్లకు ఒక్కడు జవాబు వ్రాయగలడా యని మీరడుగవచ్చును. వ్రాయలేడు, 2024లో లోకసభ నియోజకవర్గమునకు సగటున 17 లక్షలకు మించి ఓటర్లుండిరి. కావుననే వెబ్‌సైటు కావలెను. ఒక పాఠశాల పైకప్పును గూర్చిన జవాబును, ఫిర్యాదుదారుని పేరు చెప్పకయే, తేదీతో అందరికిని కనబడునట్లు ప్రకటించినచో, అట్టి బాధయే గల నూరు గ్రామములవారు దానిని చదివికొందురు. “ఇది నా యధికారములో లేదు, ఫలానా కార్యాలయమున కడుగుడు” అనుటయు జవాబే. మౌనము మాత్రము జవాబు కాదు.

శ్రోతలారా, మీ ప్రతినిధి వెబ్‌సైటును ఒకమారు తెరచి చూడుడు. మీకు రానిచో ఇంటిలోని పిల్లలచే చదివించుకొనుడు. పూలదండల చిత్రములు దాటి, మీ యూరి పేరు ఎక్కడనైన కలదేమో వెదకుడు. లేకున్నచో, ఏల లేదని మర్యాదగా వ్రాసి యడుగుడు. మా పాఠశాల పైకప్పును గూర్చి నేను మరల వ్రాసియున్నాను. ఈసారి ఫోను సంఖ్య నీయలేదు.