చెక్క ఇంటిని భూకంపం నుంచి కాపాడేది ఒక చిన్న మేకు!

అమెరికాలో మన వాళ్ల ఇళ్లు వీడియో కాల్‌లో చూసే ఉంటారు. గోడ మీద కొడితే డొల్లగా టక్‌టక్ అంటుంది. ఎందుకంటే అక్కడ చాలా ఇళ్లు చెక్క ఫ్రేమ్‌తో కట్టినవే. మరి కాలిఫోర్నియాలో భూకంపాలు వస్తే ఆ ఇళ్లు ఎలా నిలబడతాయి?

సమాధానం షియర్ వాల్. నిలువు చెక్కలు, వాటి మీద ప్లైవుడ్ షీట్, అంచుల వెంట వరసగా మేకులు. అంతే. ఖాళీ అగ్గిపెట్టె తొడుగుని పక్కకి నొక్కితే వాలిపోతుంది కదా, భూమి ఊగినప్పుడు ఫ్రేమ్ కూడా అలాగే వాలాలని చూస్తుంది. షీట్ గట్టిది, అంత తేలిగ్గా వాలదు. ఈ ఇద్దరి గొడవలో నలిగేది మేకు.

గోడలో దిగిన మేకుని అటూ ఇటూ ఊపి పీకారా ఎప్పుడైనా? మొదట గట్టిగా ఉంటుంది. నాలుగుసార్లు ఊపాక లూజ్ అయిపోతుంది. ఇక్కడా అదే కథ. మొదటి ఊపుకి మేకు వంగి, పక్కనున్న చెక్కని నలిపేస్తుంది, రంధ్రం పెద్దదవుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ ఖాళీలో మేకుకి పెద్దగా పట్టు ఉండదు. మళ్లీ చెక్కకి తగిలాకే పట్టు దొరుకుతుంది. దీన్నే పించింగ్ అంటారు.

కోడింగ్ భాషలో చెప్పాలంటే, జరుగుడు ఎంతో ఇస్తే బలం ఎంతో చెప్పే మామూలు ఫంక్షన్ ఇక్కడ సరిపోదు. ఇంతకుముందు మేకు ఎంత దూరం జరిగిందో కూడా గుర్తుండాలి. పించింగ్ వదిలేసి మోడల్ చేస్తే ప్రోగ్రాం హాయిగా రన్ అవుతుంది, ఎర్రర్ కూడా రాదు. కానీ గోడ అసలు తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ శక్తిని మింగేస్తున్నట్టు చూపిస్తుంది.

ఇది ప్రాణాల లెక్క. 1994 జనవరి 17 తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది, తీవ్రత 6.7. నార్త్‌రిడ్జ్ మెడోస్ అనే మూడంతస్తుల చెక్క అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు నలిగిపోయి 16 మంది చనిపోయారు. పార్కింగ్ కోసం ఖాళీ వదలడంతో కింద గోడల బలం తక్కువైంది.

ఆ తర్వాతే చెక్క ఇళ్ల మీద పెద్ద ఎత్తున రీసెర్చ్ మొదలైంది. 2001లో ఫోల్జ్, ఫిలియట్రాల్ట్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక మోడల్ పబ్లిష్ చేశారు. పేరు క్యాషూ, అవును, జీడిపప్పే! ఒక్క మేకు టెస్ట్ డేటా ఇస్తే మొత్తం గోడ ఎలా ఊగుతుందో లెక్కేస్తుంది. తర్వాత ఆ గోడంతటినీ 10 నంబర్లున్న ఒకే స్ప్రింగ్‌గా మార్చి, బిల్డింగ్ మోడల్‌లో పెట్టేస్తారు.

2009లో జపాన్‌లోని ఈ-డిఫెన్స్ షేక్ టేబుల్ మీద ఆరంతస్తుల చెక్క బిల్డింగ్‌ని నిజంగానే ఊపి చూశారు. నిలబడింది!

కానీ ఒక మాట. ఆ 10 నంబర్లు టెస్ట్‌లో సరిగ్గా కొట్టిన మేకువి. సైట్‌లో నెయిల్ గన్‌తో మేకు షీట్‌లోకి మరీ లోతుగా దిగిపోయినా, వెనకున్న చెక్కకి తగలకుండా పక్కకి పోయినా, కంప్యూటర్‌కి తెలీదు. గోడ బలం మాత్రం తగ్గిపోతుంది. అందుకే షీట్లు మూసేయకముందే ఎవరో ఒకరు వెళ్లి మేకులు చూడాలి.

సివిల్ చదివే ఫ్రెండ్స్, ఓపెన్‌సీస్ సాఫ్ట్‌వేర్‌లో సాస్ అనే మెటీరియల్ ఇదే. ఒక్క గోడతో ట్రై చేసి, గ్రాఫ్ మధ్యలో ఎలా సన్నబడిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి, బై!