గాజుతొట్టిలో పగడములు – వానిని తిను పురుగులు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



మన సంఘ సభ్యులలో పెక్కుమంది బిడ్డలు విదేశములందున్నారు. వారి యిండ్లకు పోయి వచ్చిన కొందరు, అక్కడ గాజుతొట్లలో ఉప్పునీరు నింపి సజీవమైన పగడములను పెంచుట చూచి, ఆ సంగతి చెప్పుమని మమ్ము కోరిరి. మేము అమెరికాలో మా కుమారుని యింట రెండేండ్లు అట్టి తొట్టిని సాకితిమి. అందు నష్టపోతిమి కూడ. నష్టపడినవాని మాట కొంత ఉపయోగపడునని తలచి యీ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

పగడము రాయి కాదు, చెట్టును కాదు. అది అతి చిన్న జంతువుల గుంపు. ఆ జీవులు తమ క్రింద సున్నపురాతిని కట్టుకొనుచు పోవును. రాతిపైన చర్మమువంటి పలుచని మాంసపుపొర యుండును. ఆ పొరలో సూక్ష్మమైన నాచుకణములు కాపురముండి, వెలుతురు సాయమున ఆహారము వండి పగడమునకు పెట్టును. ఈ పలుచని పొరయే పురుగులకు మేత.

మా తొట్టి 60 లీటర్లది. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, 25 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి తప్పకుండ చూచుకొనెడివారము. అందు కొమ్మలు వేయు అక్రోపొరా జాతి పగడములు అయిదు పెరుగుచుండెను. ఒకనాడు తెలిసినవారు బొటనవ్రేలంత కొమ్మ నొకదానిని కానుకగా నీయగా, మా మనుమరాలు ముచ్చటపడినదని ఆ సాయంకాలమే దానిని తొట్టిలో నుంచితిమి. ఆ తొందరయే మా తప్పు.

కొన్ని వారములకు పగడముల రంగు వెలవెలబోయెను. ఉప్పును శంకించితిమి, దీపమును మార్చితిమి. రాత్రివేళ రాళ్లసందున ప్రాకుచున్న వెండ్రుకల పురుగు నొకదానిని పట్టి, దోషి దొరికెనని సంతోషించితిమి. పాపము, ఆ పురుగులలో చాల భాగము చచ్చినదానిని, మిగిలిన మేతను తిని తొట్టిని శుభ్రపరచు పనివారు. నిజమైన దొంగ మా కన్నుల యెదుటనే యుండెను. భూతద్దముతో చూడగా కొమ్మలపై గుండ్రని తెల్లని కాటుమచ్చలు వరుసగా కనబడెను. గొట్టముతో నీటిని గట్టిగా చిమ్మగా, కొన్ని మిల్లీమీటర్ల పొడవైన బల్లపరుపు పురుగులు రాలిపడెను. ఇవి తాము తిన్న పగడపు రంగునే పొందును గనుక కంటికి ఆనవు.

శాస్త్రజ్ఞులు ఈ పురుగును గాజుతొట్లలోనే మొదట గుర్తించి 2011లో దానికి పేరు పెట్టిరి. తరువాతనే ఆస్ట్రేలియా మహాప్రవాళ శ్రేణిలో లిజార్డు ద్వీపము చెంత సముద్రమునను కనుగొనిరి. సముద్రమున దానిని తిను చేపలు కలవు. తొట్టిలో దానికి మేతయే గాని శత్రువు లేదు.

మేము పగడములను మందునీట ముంచి తీసితిమి. పురుగులు రాలెను. జయించితిమనుకొంటిమి. నెల తిరుగకుండ మరల కాటుమచ్చలు. కారణమేమన, ఈ పురుగు పగడపు మొదట చర్మములేని రాతిపై గోధుమవన్నె గ్రుడ్లను గుంపుగా పెట్టును. మందు పురుగును రాల్చును గాని గ్రుడ్డును చంపజాలదు. 25 డిగ్రీల నీటిలో గ్రుడ్డు పొదుగుటకు సుమారు మూడు వారములు పట్టును. నీరు వెచ్చనైన కొలది త్వరగా పొదుగును. ఒక్కమారు స్నానము చేయించి ఊరకుండుట వలన ప్రయోజనము లేదు.

అప్పటికి ఆరింట మూడు పోయెను. మిగిలిన మూడింటిని వేరొక తొట్టికి మార్చి, గ్రుడ్లున్న మొదళ్లను కోసి పారవేసి, వారమున కొకమారు చొప్పున ఆరు వారములు స్నానము చేయించి, ప్రతిమారును భూతద్దముతో పరీక్షించితిమి. ఆ కాలమంతయు పెద్దతొట్టిలో అక్రోపొరా లేకుండ నుంచితిమి. మేత లేనిచోట ఆ పురుగు నిలువజాలదు. మూడును బ్రతికెను.

ఇతర శత్రువులును కలవు. మాంటిపొరా జాతి పగడమును తిను గుల్లలేని నత్తకు 2020లో శాస్త్రీయనామ మేర్పడెను. అది పగడపు అడుగుభాగమున దాగి గ్రుడ్లు పెట్టును. అక్రోపొరాపై ఎర్రచుక్కగల పసుపుపచ్చని నలుసులవలె మెదలునవి రొయ్యలకు దూరపుబంధువులు. వానిని చంపు మందు తొట్టిలోని రొయ్యలను, పీతలను కూడ చంపును. చిన్నతొట్టిలో అన్ని ప్రాణులు ఒక్కసారి చచ్చిన నీరు విషమగును. కావున తొట్టిలో మందు పోయరాదు. పగడమునే బయటకు తీసి మందునీట ముంచవలెను. ఆరుచారల రాస్ చేప కొన్ని పురుగులను తినును గాని నిర్మూలింపజాలదు.

మీ బిడ్డలకు మీరు చెప్పవలసినది ఒక్కటే. పురుగు తనంత తాను రాదు, మన చేతితోనే వచ్చును. ఎంత ఆప్తులిచ్చినను, క్రొత్త కొమ్మను ఆరు వారములు వేరుగా నుంచి పరీక్షించిన పిదపనే తొట్టిలో చేర్చవలెను.

ఇక మన దేశపు మాట. ఈ మాటలు విని ఇక్కడ తొట్టి పెట్టవలెనని ఎవరైన తలచిరేని, ఒక హెచ్చరిక. రాతిపగడము లన్నియు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నవి. వానిని సముద్రమునుండి తీయుటయు, అమ్ముటయు, కొనుటయు నేరములు. మన్నారు సింధుశాఖలో 21 ద్వీపముల చుట్టు నున్న పగడములను కాపాడుటకే 1986లో జాతీయ సముద్ర వనము నేర్పరచిరి. తూత్తుకుడి ప్రాంతమున ఒకప్పుడు సున్నపుబట్టీలకై పగడపురాతిని త్రవ్వితీసిరి. పురుగు కంటె మనుష్యుడే అక్కడ ఎక్కువ మేసెను. కావున ఇక్కడ పగడమును సముద్రముననే చూచి ఆనందింతము.

మా మనుమరాలు ఇప్పుడు క్రొత్త కొమ్మ వచ్చిన, తొట్టి దరికి పోకుండ మొదట భూతద్దమును వెదకుచున్నదట. మా నష్టమునకు అదియే ప్రతిఫలము.