దేవుణ్ణి మోసే భుజాలు



చింతలనార్ అన్న పేరు వింటే తెలుగువారి చెవికి ‘చింత’ పరిచితంగా తోస్తుంది. ‘నార్’ అంటే గోండీలో ఊరు. పూర్వపు బస్తర్ జిల్లాకు దక్షిణ భాగాన ఉన్న ఈ గ్రామం 2012 నుండి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాకు చెందింది. గోండు జాతికి చెందిన మురియాలూ, దోర్లాలూ నివసించే అడవి సీమ అది.

బస్తర్‌లో దేవత గుడిలో కూర్చుని ఉండే మూర్తి మాత్రమే కాదు. మనిషిలోకి వచ్చి నర్తించే శక్తి. డోళ్ళు మ్రోగగా ‘సిరహా’ అనే వ్యక్తికి పూనకం వస్తుంది. అప్పుడతని మాట దేవత మాట. కొన్ని చోట్ల దేవుడు ‘ఆంగా’ రూపంలో ఉంటాడు. కొయ్య దుంగలను జతచేసి, నెమలి ఈకలతో, వెండితో అలంకరించిన ఆ దేవుణ్ణి సాధారణంగా నలుగురు భుజాలపై మోస్తారు. అది ఊగినా, ముందుకు దూకినా, వెనుకకు తగ్గినా దేవుడు నడిపించినట్లే భావిస్తారు. రోగమైనా, తగవైనా ఆ కదలికలోనే సమాధానం వెదకుతారు.

ఈ విశ్వాసం అడవికే పరిమితం కాలేదు. రాజధానిని సైతం శాసించింది. ఓరుగల్లు కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని ప్రతీతి. ఆ వంశపు రాజధాని జగదల్‌పూర్‌లో దసరా ఉత్సవం 75 దినాలు సాగుతుంది. అందులో రావణ దహనం లేదు. దంతేశ్వరీదేవి ఆరాధనే ప్రధానం. ఉత్సవానికి అనుమతి ఇచ్చేది ఎవరు? నేతవృత్తి కులానికి చెందిన ఒక బాలిక! కాఛన్‌దేవి ఆవహించిన ఆమెను ముళ్ళ ఊయలపై ఊపుతారు. రాజవంశీయుడు ఆమె ఎదుట నిలిచి అనుమతి కోరుతాడు. కేరళలోని తెయ్యంలోనూ ఇదే ధర్మం కనిపిస్తుంది: నిమ్నకులాలుగా ఎంచబడినవారు దేవతలై నర్తిస్తే అగ్రకులాలవారు చేతులు జోడిస్తారు.

ఆ గౌరవం నర్తనం ముగిసిన తరువాత నిలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. దైవంగా మ్రొక్కులందుకున్న మనిషి మరునాడు మళ్ళీ కూలివాడే. వేదికపై పది నిమిషాల ప్రదర్శనగా మారినప్పుడు ఆ నర్తనంలో ఈకలూ, అడుగులూ మిగులుతాయి. అడిగే ఊరూ, జవాబిచ్చే దైవమూ మిగలవు.

ఊరే చెదిరిపోతే నష్టం ఇంకా పెద్దది. 2005 తరువాత చెలరేగిన హింసలో దక్షిణ బస్తర్ గ్రామాలెన్నో ఖాళీ అయ్యాయి. అనేక కుటుంబాలు సరిహద్దు దాటి తెలుగు నేలకు వలస వచ్చాయి. 2010 ఏప్రిల్ 6న చింతలనార్ సమీపంలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అప్పటినుండి దేశానికి ఆ ఊరి పేరు ఒక దుర్వార్తగానే తెలిసింది. అక్కడి దేవతలూ, డోళ్ళూ, పండుగలూ తెలియలేదు.

ఆంగాను ఒక్కడు మోయలేడు. దానికి నాలుగు భుజాలు కావాలి. ఆ భుజాల వెనుక ఒక ఊరు నిలవాలి. ఆదివాసి సంస్కృతిని రక్షించడమంటే ఈకలను ప్రదర్శనశాలలో దాచడం కాదు, ఆ ఊరు తన నేలపై నిర్భయంగా బ్రతికేటట్లు చూడడం. సమైక్యత అనే మాటకు అక్కడే అర్థం ఏర్పడుతుంది.